సెంటర్ నుంచి ఇంటికొచ్చిన పిల్లాడికి ‘లైఫ్ స్కిల్స్’ నేర్పడం అంటే ఏంటి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి పదిహేడేళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో ఆగిపోయింది. గంజాయితో మొదలై వైట్‌నర్ (రాతలో తప్పులు చెరిపే తెల్ల ద్రవం) పీల్చడం దాకా వెళ్ళాడు. నలభై రోజులు మత్తు మాన్పించే సెంటర్‌లో ఉండి పోయిన శనివారం ఇంటికొచ్చాడు. డిశ్చార్జ్ కాగితం చివర ‘లైఫ్ స్కిల్స్ నేర్పించాలి’ అని ఒక్క ముక్క రాసి పంపించారు. అదేంటి, ఎవరు నేర్పుతారు, ఎక్కడైనా కోర్సు ఉందా అని అడిగారు. బాబు గదిలోంచి బయటికి రావడం లేదని, మీ మరిది హాస్టల్లో పడేయమంటున్నాడని కూడా రాశారు.

నేను కృష్ణా జిల్లాలో ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో పదహారేళ్ళు కౌన్సిలర్‌గా చేశాను. ఎక్కువగా పద్నాలుగు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలతోనే. డాక్టర్ని కాదు. మందుల విషయంలో మీ డాక్టర్ గారి మాటే మాట. మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపొద్దు.

ముందు నా సొంత తప్పు ఒకటి చెప్తాను, దాంతో మీ ప్రశ్నకి సగం జవాబు వచ్చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో బడి పిల్లల కోసం పది లైఫ్ స్కిల్స్ అని ఒక జాబితా ఇచ్చింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యని విడదీసి చూడటం, తనని తాను తెలుసుకోవడం, ఎదుటివాడి బాధ అర్థం చేసుకోవడం, కోపాన్నీ టెన్షన్‌నీ తట్టుకోవడం, ఇలా. కొత్తలో నేను ఆ పదీ చార్టు మీద రాసి గోడకి తగిలించి, పిల్లల చేత ఎక్కాల్లా అప్పజెప్పించేవాణ్ణి. ఒక కుర్రాడు పదీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. మాకందరికీ ముచ్చటేసేది. ఇంటికెళ్ళిన పన్నెండో రోజు వాళ్ళ బంధువుల పెళ్ళిలో, ఫంక్షన్ హాల్ వెనక, మళ్ళీ తాగాడు. తిరిగొచ్చాక అడిగితే వాడన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. “సార్, మీ పది పాయింట్లూ గుర్తున్నాయి. బావ చెయ్యి చాపినప్పుడు నోట్లోంచి ఏం రావాలో తెలీలేదు.”

ఆ రోజే చార్టు పీకేశాను. ఈత గురించి ఎంత చెప్పినా కాలవలో దిగిన పిల్లాడికి పనికొచ్చేది చేతులు చేసిన అలవాటే. ఇదీ అంతే. కాబట్టి కోర్సు కోసం వెతక్కండి. మీ వంటింట్లో, మీ వీధిలో, చిన్న చిన్న పనులు పదే పదే చేయించడమే మీరు చేయాల్సింది.

ఎందుకు చేయించాలో కూడా చెప్పాలి. మీ బాబు పద్నాలుగేళ్ళకి మొదలుపెట్టాడని రాశారు. మిగతా పిల్లలు ఆ మూడేళ్ళలోనే పరీక్ష తప్పితే ఏడ్చి తేరుకోవడం, ఫ్రెండుతో గొడవపడి మళ్ళీ మాట్లాడటం, ఏమీ తోచని సాయంత్రాన్ని ఎలాగోలా గడపడం నేర్చుకున్నారు. మీవాడు భయమేసినా పీల్చాడు, గొడవైనా పీల్చాడు, తోచకపోయినా పీల్చాడు. అన్ని తాళాలకీ ఒకటే చెవి. ఇప్పుడు ఆ చెవి తీసేసుకున్నాం. తలుపులు మాత్రం అలాగే ఉన్నాయి. పైగా ఆ వయసులో తొందరపాటుని అదుపుచేసే మెదడు భాగం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, ఇరవై ఐదేళ్ళ దాకా. అందుకని “పదిహేడేళ్ళొచ్చాయి, ఇంతమాత్రం తెలీదా” అనకండి. నిజంగానే తెలీదు.

ఈ మొదటి రెండు మూడు వారాలు పెద్దగా ఏమీ నేర్పొద్దు. గంజాయి మానినవాళ్ళకి చిరాకు, నిద్ర పట్టకపోవడం, పీడకలలు, అన్నం సహించకపోవడం మామూలే. చాలావరకు సెంటర్‌లోనే తగ్గి ఉంటాయి, కానీ నిద్ర కుదుటపడటానికి ఇంకా టైం పడుతుంది. ఎన్నింటికి పడుకున్నా ఒకే టైముకి లేపండి. మంచం మీదకి కంచం పంపొద్దు. రోజుకి ఒక్కపూటైనా అందరితో కూర్చుని తినాలి. గదిలో ఉంటే ఉండనివ్వండి, గడియ మాత్రం పెట్టుకోకూడదు. ఇది మొదటి రోజే మెల్లగా చెప్పేయాల్సిన మాట.

ఆ తర్వాత మొదలుపెట్టాల్సింది ‘వద్దు’ అనడం. తేలిక అనుకుంటాం కదా. మా దగ్గర ఎలా చేయించేవాళ్ళమో చెప్తాను. ఒకడు ఫ్రెండు వేషం వేస్తాడు, ఇంకొకడు తనలాగే ఉంటాడు. ఫ్రెండు భుజం మీద చెయ్యి వేసి అడుగుతాడు, “ఏరా, సెంటర్ నుంచొచ్చి సాధువైపోయావా? ఒక్క దమ్మురా, ఏం కాదు.” మొదటిసారి ప్రతి పిల్లాడూ నేల చూపులు చూస్తూ “వద్దురా” అంటాడు. ఆ గొంతు వినగానే ఎదుటివాడికి తెలిసిపోతుంది, ఇంకొక్కసారి అడిగితే చాలని. రెండోసారి పిల్లాడు ఉపన్యాసం మొదలుపెడతాడు, గంజాయి వల్ల ఊపిరితిత్తులు పాడవుతాయి అంటూ. అందరూ పగలబడి నవ్వుతారు. ఐదో సారికో ఆరో సారికో సొంత మాట పుడుతుంది. ఒక ఆటో డ్రైవర్ గారి అబ్బాయి కనిపెట్టిన మాట ఇది: “మా నాన్న వారం వారం టెస్ట్ చేయిస్తున్నాడ్రా, దొరికితే బండి అమ్మేస్తానన్నాడు. టీ తాగుదాం పద.” చూడండి ఎంత బావుందో. పరువు పోలేదు, ఫ్రెండుని తిట్టలేదు, నింద నాన్న మీదకి తోసేశాడు, అక్కణ్ణించి కదలడానికి దారి కూడా చూసుకున్నాడు. నేను రాసిచ్చిన ఏ వాక్యమూ అంత బాగా పని చేయలేదు.

ఇది మీరు చేయిస్తే కుదరదు. అమ్మ ముందు పిల్లాడు ఫ్రెండు భాష మాట్లాడడు, మాట్లాడినా మీకు కన్నీళ్ళొస్తాయి. మీకు పెద్దమ్మాయి ఉందన్నారు కదా, డిగ్రీ చదువుతోందని. ఆమెకి అప్పజెప్పండి. లేదా వాడికి చనువున్న మేనమామ. మేడ మీద, భోజనాలయ్యాక, పది నిమిషాలు. నవ్వులాటగానే జరగాలి. కూర్చుని కాదు, నిలబడి చేయించండి. చివర్లో నిజంగా నాలుగడుగులు వేసి అక్కణ్ణించి వెళ్ళిపోవాలి. మాటతో పాటు కాళ్ళకీ అలవాటవ్వాలి.

రెండోది, లోపల పీకడం మొదలైతే ఏం చేయాలి. పిల్లలు ఆ మాటే వాడతారు, “పీకుతోంది సార్” అని. చాలామంది తల్లిదండ్రులు అది మొదలైందంటే మళ్ళీ తాగేదాకా ఆగదనుకుంటారు. పిల్లలూ అదే నమ్ముతారు. నిజానికి అది కెరటంలా లేస్తుంది, ఒక ఎత్తుకి చేరుతుంది, మళ్ళీ పడిపోతుంది. చాలాసార్లు అరగంట లోపే. అమెరికాలో అలన్ మార్లాట్ అనే సైకాలజిస్టు దీన్నే కెరటం మీద తేలడంతో పోల్చి, దాంతో కొట్లాడకుండా చూస్తూ ఉండటం నేర్పించాడు. మన పిల్లలకి కళ్ళు మూసుకుని శ్వాస చూసుకోమంటే కొందరికి కుదురుతుంది, కొందరికి ఇంకా పిచ్చెక్కుతుంది. చేతులకి పని ఇస్తే ఎక్కువమందికి కుదిరింది. బండి కడగడం, బావిలో నీళ్ళు తోడటం, గోలీలాట. ఒకడు చపాతీ పిండి కలిపేవాడు. వాళ్ళింట్లో నెల రోజులు రాత్రి చపాతీలే.

బాబుకి చిన్న నోట్‌బుక్ ఒకటి ఇవ్వండి. పీకినప్పుడల్లా టైము, తనెక్కడున్నాడు, అప్పుడేం జరిగింది, మూడే ముక్కలు రాయాలి. మీరు తెరిచి చదవకూడదు. వారానికోసారి వాడే కౌన్సిలర్‌కో అక్కకో చూపించాలి. పది పన్నెండు రోజులకే ఒక తీరు బయటపడుతుంది. ఒక అబ్బాయికి ప్రతిరోజూ సాయంత్రం ఐదున్నరకి వచ్చేది. అది వాడి పాత ట్యూషన్ వదిలే టైము. టైము తెలిసిపోయాక మిగిలింది ఐదింటికల్లా వాణ్ణి గ్రౌండ్‌కి పంపడమే.

మూడోది ‘బోర్’. మీ బాబు కూడా ఏమడిగినా అదే అంటున్నాడని రాశారు. ఆ ఒక్క మాట కింద ఆకలి ఉండొచ్చు, అలసట ఉండొచ్చు, ఒంటరితనం ఉండొచ్చు, మీ మీద కోపం ఉండొచ్చు, కాలేజీ పిల్లల ముందు సిగ్గు ఉండొచ్చు. దేనికదే వేరే మందు. ఆకలికి అన్నం పెట్టాలి, సిగ్గుకి అన్నం పెడితే ఏం లాభం? అందుకే మేము పిల్లలకి మాటలు ఇచ్చేవాళ్ళం. “బోరా? సరే, తిన్నావా? నిద్రపోయావా? ఎవరైనా ఏమన్నా అన్నారా? ఎవరితోనైనా మాట్లాడాలనుందా?” ఈ నాలుగు ప్రశ్నలు ముందు మీరు వేయండి. కొన్నాళ్ళకి వాడే వేసుకుంటాడు. ఒక నెల తర్వాత “అమ్మా, నాన్న నిన్న మావయ్య ముందు ఆ మాటనడం నాకు కష్టమేసింది” అని పూర్తి వాక్యం వచ్చిందంటే అది చిన్న విషయం కాదు. ఆ క్షణంలో “నువ్వు చేసిన పనికి అనరా మరి” అని మాత్రం అనకండి. ఇంకో ఆరు నెలలు నోరు విప్పడు.

డబ్బు సంగతికి వద్దాం. ఇక్కడే ఇళ్ళల్లో ఎక్కువ గొడవలు. బీరువా తాళాలు బొడ్డులో దోపుకుని పడుకునే తల్లుల్ని చూశాను. తప్పు పట్టను. మీ గొలుసు కూడా పోయిందన్నారు. కానీ ఆరు నెలలు పైసా చేతికివ్వకుండా ఉంచి, ఆ తర్వాత ఒకేసారి కాలేజీ ఫీజు ఇచ్చి పంపే ఇళ్ళల్లోనే బోర్లా పడటం చూశాను. మెట్లు మెట్లుగా ఎక్కించండి. మొదట రెండు వందలిచ్చి కూరగాయలకి పంపండి. చీటీ మీరు రాయొద్దు, ఇంట్లో ఏం ఉందో వాడే చూసుకుని వాడే రాయాలి. తిరిగొచ్చాక చిల్లర టేబుల్ మీద పెట్టి వాడే లెక్క చెప్పాలి. టమాటాలు నాలుగు కుళ్ళినవి తెస్తాడు. తేనివ్వండి. ఆ టమాటాలతో పప్పు వాడి చేతే చేయించండి. రెండు వారాలు బాగా నడిస్తే ఐదు వందలు, ఆపైన గ్యాస్ సిలిండర్ డబ్బు. ఆ తర్వాత బ్యాంకుకి వెళ్ళి ఫారం నింపడం. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఒకడు విత్‌డ్రాయల్ ఫారం పట్టుకుని చెమటలు పోసి నా వైపు చూసిన చూపు నాకు గుర్తే. ఊళ్ళో ఏ మూల ఏ సరుకు దొరుకుతుందో వాడికి తెలుసు, బ్యాంకులో ఏ కౌంటర్‌కి వెళ్ళాలో అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఒక మెట్టు మీద తడబడితే పూర్తిగా కిందకి తోసేయకండి. ఒక్క మెట్టు దించండి, వారం ఆగండి, మళ్ళీ ఎక్కించండి. ఈ సంగతి ముందే చెప్పి పెట్టాలి, అప్పటికప్పుడు కోపంలో రూలు పుట్టించకూడదు.

ఫోన్ కూడా అంతే. మీవారు పగలగొడతానంటున్నారు. పగలగొడితే సాయంత్రానికి ఇంకొకడి ఫోన్‌లోంచి మాట్లాడతాడు. పాత నంబర్లు వాడే కూర్చుని డిలీట్ చేయాలి, గ్రూపుల్లోంచి వాడే బయటికి రావాలి. కావాలంటే కొత్త సిమ్. మీరు పక్కన ఉండండి, వేలు మాత్రం వాడిదే కదలాలి.

ఇప్పుడు మీరు నేర్చుకోవాల్సినవి. అవును, మీకూ ఉన్నాయి. చొక్కా వాసన చూడటం, బాత్రూమ్ బయట నిలబడటం, నిద్రపోతుంటే జేబులు వెతకడం, ఇవన్నీ ఎందుకు చేస్తారో నాకు తెలుసు. కానీ దొంగచాటుగా చేసే ప్రతి తనిఖీకీ వాడు ఒక కొత్త దొంగదారి నేర్చుకుంటాడు. అంతకంటే బాహాటంగా ఒప్పందం చేసుకోండి, డాక్టర్ గారి సలహాతో, వాడి ముందే, ఇన్నిరోజులకోసారి యూరిన్ టెస్ట్ అని. ఒక్కటి గుర్తుంచుకోండి, బాగా అలవాటైనవాళ్ళలో గంజాయి ఆనవాళ్ళు మానేసిన కొన్ని వారాల తర్వాత కూడా టెస్ట్‌లో కనబడొచ్చు. మొదటి నెలలో పాజిటివ్ వచ్చిందని ఇల్లు పీకి పందిరి వేయకండి, డాక్టర్‌కి చూపించండి. వైట్‌నర్‌ని ఈ మామూలు టెస్టులు పట్టుకోవు.

మాట్లాడేటప్పుడు ఒకేసారి ఒక్క విషయం. “నిన్న తొమ్మిదింటికి వస్తానన్నావు, పదకొండుకి వచ్చావు. నాకు భయమేసింది. రేపు ఆలస్యమైతే ఫోన్ చెయ్యి.” అంతే, అక్కడితో ఆపేయాలి. దానికి గొలుసూ, మావయ్య కొడుకు ర్యాంకూ, మీ నాన్నగారి ఆపరేషనూ తగిలించారంటే ఫోన్ చేయమన్న మాట అందులో కొట్టుకుపోతుంది.

“మా ఇంట్లోనే ఎందుకిలా” అని రాశారు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. వైట్‌నర్, పంక్చర్లకి వాడే సొల్యూషన్ లాంటి పీల్చే మత్తు ఒక్కటే పెద్దల్లో కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించింది, పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం. మీ వీధిలో ఇంకో తల్లి కూడా ఇదే ప్రశ్న మింగుకుని కూర్చుని ఉంటుంది.

హాస్టల్ మాటకి నా సమాధానం: ఇప్పుడొద్దు. కొత్త చోట, రాత్రిళ్ళు ఒంటరిగా, పరీక్షల టెన్షన్‌తో, పక్కన ఎవరుంటారో తెలీకుండా ఉండాలంటే నేను పైన చెప్పినవన్నీ వచ్చి ఉండాలి. చదువుకి తొందర లేదు. కాలేజీకి వెళ్ళే ధైర్యం రాకపోతే ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ కట్టొచ్చు, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉంది. చేతిపని ఇష్టమైతే పది పాసైన సర్టిఫికెట్‌తో ఐటీఐ. మా పిల్లల్లో ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్ పనుల్లోకి వెళ్ళినవాళ్ళు బాగా నిలదొక్కుకున్నారు. సాయంత్రానికి పని పూర్తయిందని కళ్ళకి కనబడుతుంది కాబట్టి అని నా లెక్క.

పండగల గురించి ఒక హెచ్చరిక. మాకు సెంటర్‌లో తిరిగొచ్చే కేసులు ఎక్కువయ్యేది సంక్రాంతి కోడిపందేల తర్వాత, వినాయకుడి నిమజ్జనం తర్వాత. చేతిలో డబ్బు, రాత్రంతా బయట, పాత గుంపు, డీజే మోత. వెళ్ళొద్దని కట్టేస్తే గోడ దూకుతాడు. వారం ముందే కూర్చుని మాట్లాడుకోండి. ఎవరితో వెళ్తాడు, ఏ చోటికి అస్సలు వెళ్ళడు, ఎన్నింటికి వస్తాడు, పీకితే ఎవరికి ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ వస్తే ఆ మనిషి ఏ ప్రశ్నా వేయకుండా బండేసుకుని వెళ్ళి తీసుకురావాలి. ప్రశ్నలు మర్నాడు.

ఇంత చేసినా ఒకసారి కాలు జారొచ్చు. జారితే ఆ రోజే మీకు చెప్పగలగాలి, అదీ వాడికి రావాల్సిన విద్యే. చెప్పినందుకు తన్నులు తింటే రెండోసారి చెప్పడు. “చెప్పావు, మంచి పని చేశావు. ఎక్కడ మొదలైందో రేపు నోట్‌బుక్‌లో చూద్దాం” అనండి, కౌన్సిలర్‌కి ఫోన్ చేయండి. వైట్‌నర్ విషయంలో మాత్రం ప్రాణం మీదకొచ్చే సంగతి ఒకటుంది. ఆ ఆవిరి పీలుస్తున్నప్పుడు గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, ఒక్కసారి పీల్చినా సరే. అలా కంటపడితే అరిచి భయపెట్టొద్దు, వెంటపడి పరిగెత్తించొద్దు. ఆ కంగారే గుండెకి చేటు. నెమ్మదిగా దగ్గరికెళ్ళి, చేతిలోది తీసేసి, గాలి తగిలే చోట కూర్చోబెట్టి, పక్కనే ఉండండి. స్పృహ తప్పితే, ఊపిరి తేడాగా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఎవరో పిలుస్తున్నట్టు వినబడుతోందన్నా, ఇంట్లోవాళ్ళే విషం పెడుతున్నారని అనుమానించినా, చచ్చిపోతాననే మాట వచ్చినా ఇంటి చిట్కాలు పక్కన పెట్టి అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. రాత్రివేళ మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. మత్తు మాన్పించే సెంటర్ల వివరాలకి 14446. మళ్ళీ ఎక్కడైనా చేర్చాల్సి వస్తే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు పిల్లల్ని పెద్దవాళ్ళతో కలిపి ఉంచకూడదు, చేరినన్నాళ్ళూ ఇంటి మనిషి ఒకరు తోడు ఉండాలి. “తల్లిదండ్రులు మూడు నెలలు కనబడకూడదు” అనే సెంటర్ అయితే గుమ్మంలోంచే వెనక్కి వచ్చేయండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ రెండు వారాలూ నిద్ర, తిండి, గడియ. ఆ తర్వాత వచ్చే మొదటి ఆదివారం రెండు వందలు చేతిలో పెట్టి రైతు బజారుకి పంపండి. వెనకాల మీవారిని బండి మీద పంపించొద్దు. చిల్లర లెక్క వాడు చెప్పేదాకా అడగొద్దు. ఏమేం తెచ్చాడో వీలైతే నాకిక్కడ రాయండి.